ఒంటి గీత కుండ

అనగనగా ఒక ఏరు. ఏటికి ఈవల కోట, ఆవల పొలాలు, నడుమ పడవలు. పడవ నడిపేవాళ్ళకు పొద్దున్నే ఒక్కో చిప్పెడు రాగికల్లు పోయడం ఆ రాజ్యంలో ఆనవాయితీ.

ఆ కల్లు కాచేవాడు పోలయ్య. రాగులు నానబెట్టి, మొలక కట్టించి, ఎండబెట్టి, తిరగలిలో విసిరి, కాచేవాడు. ఆ తియ్యనీళ్ళను వడగట్టి కుండల్లో పులియబెట్టేవాడు. పులిశాక ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, కుండ మీద సున్నంతో గీత పెట్టేవాడు. ఒంటి గీత తేలిక, పడవవాళ్ళకు. రెండు గీతలు ఘాటు, పని ముగించినవాళ్ళకు. మూడు గీతలు పెళ్ళివాళ్ళకు.

"ఒకసారి కొలిచి చూడరాదా?" అనేది భార్య నూకాలు.

"నలభై ఏళ్ళ నాలుక ఇది. దీనికి మళ్ళీ కొలతేంటే!" అనేవాడు పోలయ్య.

ఒకనాడు పొద్దున్నే ఏటి ఒడ్డున కేకలు. పోలయ్య పరుగెత్తి వెళ్ళాడు. పడవ ఇసుకమేటకు గుద్దుకుని ఒరిగి ఉంది. పన్నెండు మంది మోకాలి లోతు నీళ్ళలో ఏడుస్తున్నారు. పడవ నడిపే దాలయ్యను నలుగురు జుట్టు పట్టి ఒడ్డుకు లాగుతున్నారు. అతను తాగింది ఒంటి గీత కుండలోని ఒక్క చిప్పెడే.

"ఏం కలిపావు బావా?" అన్నాడు దాలయ్య నీళ్ళు కక్కుతూ. "ఉన్న ఒక్క ఏరూ నాకు రెండుగా కనబడింది. ఎందులో పడాలో తెలియక రెండింట్లోనూ పడ్డాను!"

రాజు వెంట మంత్రి వచ్చాడు. కుండ చూశాడు. "ఒంటి గీత కల్లుకు ఇంత మైకమా? ఇది ఉమ్మెత్త విషం పనే ప్రభూ!" అన్నాడు.

రాజు ముఖం ఎర్రబడింది. "పోలయ్యా, పొద్దుగుంకేలోగా ఇందులో విషం లేదని రుజువు చెయ్యి. చెయ్యలేకపోతే నీ కుండలు పగలగొట్టించి, నిన్ను రాజ్యం దాటిస్తాను."

పోలయ్య గబగబా చిప్ప ముంచి చప్పరించాడు. "తియ్యగా, మెత్తగా ఉంది దొరా. ఇది ఒంటి గీతే!" రుజువు కోసం మూడు చిప్పలు గటగటా తాగేశాడు. ఇంకో మాట నోటికి రాకముందే కాళ్ళు తేలిపోయాయి. దబ్బున కూలబడ్డాడు. నలభై ఏళ్ళు నమ్ముకున్న నాలుక తననే పడేసిందని అతనికి నమ్మబుద్ధి కాలేదు.

అప్పుడు నూకాలు ఒక జమ్ము రెల్లుపుల్ల నిటారుగా తేలేలా, దాని అడుగున చేపల వలకు కట్టే గుండు కట్టి తెచ్చింది. ముందు ఏ తేడా లేని మరో మంచి ఒంటి గీత కుండలో నిలబెట్టింది. మునిగినచోట గీత గీసింది. తర్వాత దాలయ్య తాగిన ఈ కుండలో నిలబెట్టింది. పుల్ల సరిగ్గా అదే గీత దాకా మునిగింది.

"చూశారా ప్రభూ!" అన్నాడు మంత్రి. "రెండు కల్లులూ ఒకటే. ఉన్న తేడా విషమే!"

పోలయ్య నూకాలు వైపు చూశాడు. కట్టుకున్నదే తన మెడకు ఉరి బిగించిందా?

"ఆగండి దొరా," అంది నూకాలు. "తీపి పుల్లను పైకి తోస్తుంది, మైకం కిందికి దించుతుంది. రెండూ కలిసి మన కళ్ళు కప్పుతున్నాయి. మైకాన్ని పంపించేసి చూద్దాం."

రెండు కుండల్లోంచి సమానంగా తీసి, సగమయ్యేదాకా కాచింది. మైకం ఆవిరైపోయింది, తీపి మిగిలింది. తగ్గినంత మేరా నీళ్ళు పోసి, చల్లార్చి, మళ్ళీ పుల్ల నిలబెట్టింది. మంచి కుండ కల్లులో పుల్ల పాత గీత కంటే ఒక్క వేలు పైకి లేచింది. ఈ కుండ కల్లులో మూడు వేళ్ళు లేచింది!

జనం నోళ్ళు తెరిచారు.

"పోయింది మైకమే దొరా, పుల్ల ఎంత లేస్తే అంత మైకం ఉన్నట్టు. విషమైతే ఆవిరి కాకుండా ఇందులోనే ఉండాలి," అంటూ ఆ కాచిన కల్లు నూకాలు గుక్కలో తాగేసింది. పోలయ్య కెవ్వుమన్నాడు. ఎండ వాలేదాకా అందరూ ఆమెనే చూశారు. ఆమె కనీసం తూలలేదు.

"మరి మూడు గీతల కల్లుకు ఒంటి గీత ఎలా పడింది?" అన్నాడు రాజు.

తప్పును ఎలుకల మీదకో, ఎండ మీదకో నెట్టేయవచ్చు. అయినా పోలయ్య తలవంచుకున్నాడు. "అవే రాగుల్లో మూడుసార్లు నీళ్ళు పోసి వడగట్టి, మూడు నీళ్ళూ కలపాలి దొరా. ఆ రోజు చిక్కటి మొదటి నీళ్ళే ఈ కుండలో పోశాను. కలపడం మరిచాను. తీపికి నా నాలుక మోసపోయింది. తప్పు నాదే."

"విషమూ లేదు, అబద్ధమూ లేదు," అన్నాడు రాజు. "ఇక్కడే ఉండు. ముందు ఆ గీత మార్చు."

పోలయ్య ఒంటి గీత చెరిపి, లెక్కపెట్టకుండా గబగబా గీతలు పెట్టాడు.

"నాలుగు గీశావు బావా!" అన్నాడు దాలయ్య.

పోలయ్య అదిరిపడి లెక్కపెట్టాడు. నిజంగానే నాలుగు! సున్నం ముంత నూకాలు చేతిలో పెట్టాడు.

కాబట్టి పిల్లలూ, ఎంత అనుభవం ఉన్నా, పదిమంది ప్రాణాలతో ముడిపడిన పనిని అంచనాతో కాక కొలతతో చెయ్యాలి. కొలత మన తప్పు చూపిస్తే దాచకుండా ఒప్పుకోవాలి.