హోల్డ్ ఆన్ అండీ

దయామణి గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. విని, తలాడించి, అప్పుడు తన ముందున్న పని తీసి అడిగినవాళ్ల చేతిలో పెట్టేవారు.

ఆవిడ రేపల్లె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో సూపర్‌వైజరు. అది డెబ్బై రెండో సంవత్సరం కావచ్చు, మూడు కావచ్చు. ఈమధ్య నాకు వరస తారుమారవుతోంది. ముందు జరిగింది వెనక్కీ, వెనక జరిగింది ముందుకీ వచ్చి కూర్చుంటున్నాయి. మొత్తం పోకముందే రాసి పెడదామని కూర్చున్నాను. ఇందులో కొంత నేను కళ్లారా చూసింది. తక్కింది ఆవిడ శిష్యురాలు శేషారత్నం తరువాత నాకు స్నేహితురాలై చెప్పింది.

శేషారత్నం పల్లెటూరి బళ్లో తెలుగులో చదువుకున్న పిల్ల. పై ఊళ్లకి ట్రంకు కాల్స్ కలిపే పని నేర్చుకోవడానికి వచ్చింది. అవతలివాళ్లను ఆగమనాలంటే 'హోల్డ్ ఆన్' అనాలని మొదటి రోజే నేర్పారు. ముక్కూ మొహం తెలియని పెద్దవాళ్లతో అలా మొండిగా అనడానికి నోరు రాక, ఆ పిల్ల 'హోల్డ్ ఆన్ అండీ' అనేది. తీగలు గుచ్చే బోర్డు దగ్గర తక్కిన అమ్మాయిలు ఒకటే నవ్వు. "ఇంగ్లీషుక్కూడా పైట కప్పావుటే" అని ఏడిపించేవాళ్లు.

ఒకరోజు పొద్దున్నే నోటుపుస్తకం పట్టుకుని దయామణి గారి దగ్గరికి వెళ్లింది.

"మేడం, ఇది చూడండి. ఆగమనడానికీ ఈ మాటే. బస్సులో కమ్మీ గట్టిగా పట్టుకోమనడానికీ ఈ మాటే. ఉన్న పొలం అమ్ముకోకుండా ఉంచుకోవడానికీ, జబ్బు మనిషి ప్రాణం బిగబట్టుకుని ఉన్నాడనడానికీ ఇదే. ఒక్క మాట నెత్తిన ఇన్ని పనులు పెడితే ఏది ఎక్కడో నాకెట్లా తెలుస్తుంది? వచ్చే నెల పరీక్ష. నా వల్ల కాదు, ఇంటికి పోతాను."

దయామణి గారు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారట.

"పొద్దున ఏమన్నా తిన్నావా?"

"లేదు మేడం."

"ఆ డబ్బాలో ఇడ్లీ ఉంది, తిను. తిని నా కుర్చీలో కూర్చో. ఇవాళ మదరాసు లైను నువ్వు చూడు."

ఆ మదరాసు లైను కోసం వచ్చినదాన్ని నేనే.

పోస్టాఫీసూ, ఎక్స్ఛేంజీ ఒకే కట్టడంలో ఉండేవి. మధ్య గోడకి అద్దం కిటికీ. ఇవతల ఫోను చేసుకునేవాళ్లకి చెక్క గది. మా చెల్లెలు రాజ్యానికి గుండెలో కవాటం సరిగా లేదని మదరాసు ఆసుపత్రిలో చేర్చారు. ఆపరేషను ఆ రోజు పదకొండు గంటలకి. నాకు ఏడో నెల కావడంతో రైలెక్కవద్దని డాక్టరమ్మ కట్టడి చేసింది. రాజ్యానికి ఐదో ఏట మా అమ్మ పోయింది. అప్పటినుంచీ నా పక్కలో, నా జడ కొస గుప్పిట్లో పట్టుకుంటే గాని నిద్రపోయేది కాదు. పెళ్లయ్యాక కూడా పుట్టింటికొస్తే అంతే. "అక్క గొంతు వినకుండా లోపలికి వెళ్లనని మొండికేస్తోంది" అని మా మరిది ఉత్తరం రాసి, వార్డు ఫోను నంబరు పంపాడు. ఆపరేషను గదిలోకి వెళ్లినవాళ్లలో కొందరు బయటికి రాని రోజులవి. ఆ సంగతి నాకూ తెలుసు, దానికీ తెలుసు.

పదిన్నరకి లైను కలిసింది. రేపల్లె నుంచి గుంటూరు, అక్కణ్ణుంచి మదరాసు, మదరాసు నుంచి ఆసుపత్రి బోర్డు, అక్కడి నుంచి వార్డు. ప్రతిచోటా ఒక మనిషి కూర్చుని తీగ చేత్తో కలపాలి. ఏ ఒక్కరు లాగేసినా మొత్తం పోతుంది. మళ్లీ దొరికేది సాయంత్రానికే.

వార్డులో నర్సు ఫోనెత్తి, రోగిని తీసుకెళ్లడానికి తయారు చేస్తున్నారనీ, చూసి వస్తాననీ వెళ్లింది. ఆ తరువాత అవతల ఏ చప్పుడూ లేదు. నేను రిసీవరు చెవికి నొక్కుకుని అద్దంలోంచి శేషారత్నాన్ని చూస్తున్నాను. మదరాసు ఆపరేటరు గొంతు సన్నగా వినబడింది. నాకు ఇంగ్లీషు రాదు. తెలుగే బళ్లో కాదు, పొట్లాల కాగితాలు చదువుకుని నేర్చుకున్నదాన్ని. అయినా ఆవిడ లైను వదిలెయ్యమంటోందని గొంతును బట్టి అర్థమైంది.

శేషారత్నం వెనక్కి తిరిగింది. "మేడం, అక్కగారి చెల్లెలికి ఆపరేషనని ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలి?"

"నీకొచ్చిన మాట చెప్పు," అన్నారు దయామణి గారు.

ఆవిడకి ఇంగ్లీషు దొరసానిలా వచ్చు. ఆవిడే ఒక్క ముక్క మాట్లాడితే పోయేదానికి, ఆ పిల్ల నోట్లో నా చెల్లెల్ని పెట్టిందేమిటని నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ రెండో హెడ్‌సెట్టు చెవికి ఆనించుకుని ప్రతి మాటా వింటూనే ఉన్నారని నాకప్పుడు తెలియదు.

"హోల్డ్ ఆన్ అండీ," అంది శేషారత్నం. అప్పుడది ఏదో అరువు అడిగినట్టుంది.

రెండు నిమిషాలకి మదరాసు ఆవిడ మళ్లీ వచ్చింది. ఈసారి విసుగ్గా. శేషారత్నం మళ్లీ అదే మాట అంది, కాళ్లు పట్టుకున్నంత పని చేసి. ఆసుపత్రి బోర్డు ఆయన మధ్యలో వచ్చి ఏదో అన్నాడు. ఆయనకీ అదే మాట, కాస్త కటువుగా. ఇవతల నా వెనక రైసు మిల్లు షావుకారు ఒకాయన తన కాల్ సంగతేమిటని కేకలు మొదలుపెట్టాడు.

దయామణి గారు కిటికీ దగ్గరికి వచ్చారు. "కూర్చోండి షావుకారు గారూ. మీ బియ్యానికి కాళ్లు రాలేదు, ఎక్కడికీ పోవు."

నేను చెక్క గది తలుపు పట్టుకున్నాను. శేషారత్నం నన్ను చూసి, మౌత్‌పీసు మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఉండక్కా, ఇదుగో, ఉండు," అంది. కూర్చోబెట్టినంత పనైంది నాకు.

మూడోసారి మదరాసు ఆవిడ వచ్చేసరికి పదకొండుకి పది నిమిషాలుంది. శేషారత్నం ఎడం చేత్తో బోర్డులో గుచ్చిన తీగను, ఎవరో లాక్కుపోతారన్నట్టు, గట్టిగా పట్టుకుంది. "హోల్డ్ ఆన్ అండీ," అంది. అందులో ఇప్పుడు బతిమాలడం లేదు, కసిరినట్టూ లేదు. నీళ్లు పోస్తూ చంటిపిల్లతో అనే ధోరణిలో అంది.

అవతల ఒక నిట్టూర్పు వినబడింది.

"ఓకే అండీ," అంది మదరాసు ఆవిడ.

అంతలో చక్రాల కిర్రు వినబడింది. మంచాన్ని ఫోను బల్ల దగ్గరికి తోసుకొచ్చారు.

"అక్కా."

వారం రోజులుగా కూర్చి పెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "రాజ్యం," అన్నాను.

"జడ వేసుకున్నావా?"

"వేసుకున్నానే."

"ముందుకి వేసుకో."

జడ భుజం మీంచి ముందుకి తీసుకుని, కొస రిసీవరు దగ్గరికి పెట్టాను. "ఇదుగో. పట్టుకుని పడుకో."

"సరే," అంది. చక్రాలు కదిలాయి.

నేను ఎలా బయటికొచ్చానో, షావుకారు ఏమన్నాడో గుర్తులేదు. ఆ తరువాతది శేషారత్నం చెప్పిందే. హెడ్‌సెట్టు తీసేసరికి చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయట. తీగ మీద నుంచి వేళ్లు రావడం లేదట. దయామణి గారే ఒక్కొక్క వేలూ విప్పి, తీగ లాగి, నోటుపుస్తకం తెరిచి ముందు పెట్టారు.

"ఇప్పుడు చెప్పు. వీటిలో ఏ అర్థానికి వాడావు?"

"చూసుకోలేదు మేడం. లైను పోకూడదనుకున్నాను, అంతే." "మరి పుస్తకంలో ఏం రాసుకోమంటారు?" అని అడిగిందట.

దయామణి గారు పుస్తకం ఆ పిల్ల చేతిలో పెట్టారు.

"రాసినవి ఉండనీ. కింద కాస్త చోటు వదులు."

రాజ్యం, ఎవరికీ చూపించకముందు ఇది నీకే పంపుతున్నాను. ఆవిడ దయామణి గారేనా, కరుణామణి గారా? నువ్వు మదరాసు నుంచి తిరిగొచ్చాక మనిద్దరం కలిసి వెళ్లి చూశాం గదా, నీకు గుర్తుండాలి. శేషారత్నం ఇంటిపేరు కూడా నాకు అందడం లేదు. పేర్లన్నీ ఒకసారి సరిచూడవే. జడ సన్నబడిపోయింది గాని, వేస్తూనే ఉన్నాను.