పిలుపులగుట్ట మైకుకు పసుపుబొట్టు

పిలుపులగుట్ట మీదికి ఆటోలు సగం దూరమే వెళ్తాయి. మిగతాది మెట్లే. పైన కనిపించేది గోపురం కాదు, చిరుగాలి ఎఫ్‌ఎం రేడియో వారి టవరు. చెప్పులు విడిచి లోపలికి వెళ్తే గాజుగదిలో పసుపు రాసి బొట్టు పెట్టిన పాత మైకు దర్శనమిస్తుంది. "మైకుకు బొట్టేమిటి, విడ్డూరం!" అని నవ్వేవారు కథ విన్నాక నవ్వితే అప్పుడు చూద్దాం.

పూర్వం, అంటే మరీ కృతయుగంలో కాదు, టవరు లేచిన కొత్తలో ఇది బోడిగుట్ట. స్టేషనువారు పొద్దస్తమానం పాటలూ, నడుమ సబ్బుల ప్రకటనలూ వేసుకొని బతికేవారు. ఆ రోజుల్లో దిగువ ఊరి తిరపతమ్మ భర్త మాలకొండయ్యకు మతిమరుపు ముదిరింది. తన పేరూ ఊరూ మరచిన ఆ మనిషి ఒక ఉదయం ఇల్లు వదిలి ఎటో వెళ్లిపోయాడు. ఆమె ఊళ్లన్నీ గాలించి, కాళ్లు బొబ్బలెక్కి, చివరకు గుట్టెక్కి నేరుగా గాజుగదిలోకి నడిచి, ఆయన తప్పిపోయాడని రేడియోలో చెప్పమన్నది.

అక్కడ పాటలు వేస్తున్న హిమజ చెడ్డపిల్ల కాదు, ఉద్యోగానికి కొత్త. "ఆఫీసువాళ్లు ఒప్పుకోనిది ఏదీ చెప్పకూడదమ్మా" అన్నది. కంగారులో మైకు ఆపడం మరచింది.

తిరపతమ్మకు ఒళ్లు మండింది. "పొద్దున్నించీ సబ్బు సబ్బని గొంతు చించుకుంటున్నావే, మనిషి కోసం ఒక్క కేక వెయ్యలేవా? ఆయన అన్నం తిన్నాడో లేదో! అడిగితే తిన్నానంటాడు, తినడు. ఇంటికి రానీ, చెప్తా ఆయన పని!" అంటూ భోరుమన్నది. ఆ మాటలు పాటతో కలిసి జిల్లా అంతటా వినబడ్డాయి.

దూరాన ఒక బస్టాండు టీకొట్టులో రేడియో మోగుతోంది. ఆ గొంతు వినగానే, ఎవరేమడిగినా పలకని మాలకొండయ్య చటుక్కున లేచాడు. "మా తిరపతమ్మ కోప్పడుతోంది. ఇంటికి పోవాలి" అన్నాడు. టీకొట్టాయన స్టేషనుకు ఫోను చేసి, తానే వెంటబెట్టుకొచ్చాడు. ఆమె కళ్లు తుడుచుకొని "అన్నం తిన్నావా?" అని కసిరింది. "తిన్నా" అన్నాడాయన. అబద్ధమే.

నాటినుంచి ఇక్కడ దీపాలవేళ ప్రకటనలు ఆపి, మనిషి తప్పిపోయినవారికి మైకు ఇస్తారు. ఒక్కటే నియమం. తీయగా బతిమాలరాదు, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాలి.

మాలకొండయ్య కాలం చేశాక కూడా తిరపతమ్మ ఏటా ఆయన దొరికిన రోజున గుట్టెక్కుతుంది. మైకు ముందు నిలబడి "అన్నం తిన్నావా?" అని అడిగి, కాసేపు ఆగి, దిగిపోతుంది. ఆ తరువాతే మిగతావారి పిలుపులు.

ఈ కథ విన్నవారి ఇంట ఆ మాట అడిగి కసిరే గొంతు పదికాలాలు చల్లగా ఉండుగాక.