మాట తప్పని ప్రతిపక్షం

బుడ్డిపేటలో తెలివి ఎక్కువై అవస్థ పడుతున్న కుటుంబం ఒక్కటే ఉంది. అది గవిరినాయుడి కుటుంబం. ఈ మాట ఊరివాళ్ళు అన్నది కాదు, గవిరినాయుడే అన్నది. ఆయన, పెళ్ళాం నారాయణమ్మ, బావమరిది అప్పలకొండ, ఇద్దరు తమ్ముళ్ళు, ఇద్దరు మరదళ్ళు, ఇద్దరు మేనత్తలు, మొత్తం తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందే ఊళ్ళో ప్రతిపక్షం. గవిరినాయుడు మూడుసార్లు సర్పంచి పదవికి నిలబడ్డాడు, మూడుసార్లూ సత్తిరాజు చేతిలో ఓడిపోయాడు. ఓడినప్పుడల్లా ఇంటిల్లిపాదీ కూర్చుని, "పాపం, మన తెలివి జనానికి అందట్లేదు" అని జనం మీద జాలిపడేవాళ్ళు.

నాలుగోసారి మాత్రం గాలి మారింది. ఊళ్ళో ఉన్న ఒక్క బోరూ చెడిపోయి ఎనిమిది నెలలైంది. సత్తిరాజు "రేపు బాగు చేయిస్తా" అంటూ ఎనిమిది నెలలు గడిపేశాడు. ఆడవాళ్ళు రైలు గేటు దాటి అవతలి ఊరి నుంచి నీళ్ళు మోస్తున్నారు. డెబ్భై ఏళ్ళ సూరమ్మ మామ్మ కూడా మోస్తోంది. ఒకనాడు ఆవిడ బిందెతో సహా పట్టాల పక్కన జారిపడితే గవిరినాయుడే లేవదీశాడు. ఆ ముసలమ్మకి ఇంటి దగ్గర నీళ్ళు అందించాలన్నది అప్పటినుంచీ ఆయన కోరిక. ఇందులో నా వెటకారం ఏమీ లేదు, నిజంగానే ఆయనకి కడుపు తరుక్కుపోయింది.

సత్తిరాజంటే ఊరికి ఎంత మంటగా ఉందంటే, గవిరినాయుడు ఎన్నికలదాకా ఇంట్లో కాళ్ళు చాపుకుని పడుకున్నా గెలిచేసేవాడు. కానీ తెలివైనవాళ్ళు ఊరికే ఎలా ఉంటారు? పట్నంలో పార్టీ ఆఫీసువాళ్ళు 'జనం నమ్మకం సంపాదించడం ఎలా' అని శిక్షణ పెట్టారంటే బస్సెక్కి వెళ్ళాడు. ఇస్త్రీ నలగని పెద్దమనిషి ఒకాయన నాలుగు సూత్రాలు చెప్పాడు. ఎప్పుడూ జనం మధ్యే ఉండాలి. సర్పంచి ఏం చేసినా, ఏం చెప్పినా వ్యతిరేకించాలి. చెయ్యగలిగిందే చెప్పాలి, చెప్పింది చేసి తీరాలి. ఓటరు మాట కాదనకూడదు. "అక్షరం పొల్లు పోకుండా పాటించండి" అన్నాడు.

ఇంకేముంది, గవిరినాయుడు ఇంటికొచ్చి తొమ్మిది మందిచేతా బట్టీ పట్టించాడు.

మర్నాడు రేషను షాపు ముందు జనం వరసకట్టారు. మన తొమ్మిది మందీ వెళ్ళి ఇద్దరు మనుషులకి మధ్య ఒకరు చొప్పున దూరారు.

"ఏటి బావూ, నీకు బియ్యం కావాలా?" అని వెనకాయన అడిగాడు.

"వద్దు" అన్నాడు అప్పలకొండ.

"మరి ఎందుకు నిలబడ్డావు?"

"నువ్వు వెనకా, ఆయన ముందూ ఉన్నారు కదా. ఇప్పుడు నేను జనం మధ్య ఉన్నాను."

అంతే. ఒక్కొక్కరి వంతు రావడం, డీలరు కార్డు అడగడం, "కార్డు తేలేదు, నమ్మకం కోసం వచ్చాం" అనడం, డీలరు బుర్ర గోక్కోవడం. ఇలా మధ్యాహ్నం అయిపోయింది. డీలరు షట్టరు దించేశాడు. సగం ఊరు ఖాళీ సంచులతో ఇంటిదారి పట్టింది. "ఎంతమంది మనల్నే చూశారో!" అని నారాయణమ్మ పొంగిపోయింది.

ఈలోగా సత్తిరాజుకి ఓటమి భయం పట్టుకుంది. పరుగున వెళ్ళి మెకానిక్కుని తెచ్చాడు. ఎనిమిది నెలల తర్వాత బోరు దగ్గర రెంచీ చప్పుడు వినబడింది. సూరమ్మ మామ్మ బిందె పట్టుకుని అందరికంటే ముందు వచ్చి నిలబడింది. అంతే, గవిరినాయుడి దండు ఊడిపడి బోరు చుట్టూ బాసింపట్టు వేసుకు కూర్చుంది.

"రిపేరు వద్దు! రిపేరు వద్దు!"

"ఓరి గవిరీ, నీకేటి పట్టిందిరా? ఇది మన బోరే కదరా!" అంది సూరమ్మ.

"మనదే మామ్మా. కానీ బాగు చేయిస్తున్నది సర్పంచి కదా!"

"నీల్లు తాగేది నేను కదరా!"

గవిరినాయుడికి మనసు చివుక్కుమంది. లేవబోయాడు కూడా. మేనత్త చొక్కా పట్టుకు లాగి, "రెండో సూత్రం" అని గుర్తు చేసింది. మళ్ళీ కూర్చున్నాడు. మెకానిక్కు సాయంత్రం దాకా చూసి, ఇలాంటి ఊరు ఎక్కడా చూడలేదని ఒక దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. సత్తిరాజు మీసం మెలేశాడు. "నేను తెచ్చాను, వాళ్ళు తరిమేశారు" అని వీధి వీధికీ చెప్పుకున్నాడు. తనకు అంత మేలు సొంత చెల్లెలి మొగుడు కూడా ఎప్పుడూ చెయ్యలేదు.

ఇక మూడో సూత్రం వంతు వచ్చింది. గవిరినాయుడు మీటింగు పెట్టాడు. తిట్టడానికి కొందరు, నవ్వడానికి కొందరు, మొత్తానికి ఊరంతా వచ్చింది. ఆయన మైకు పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. తను ఏం చెయ్యగలడు?

"రేపు పొద్దున్న లేస్తాను" అన్నాడు చివరికి. "పళ్ళు తోముకుంటాను. మా గేదెకి మేత వేస్తాను. ఇంతవరకూ కచ్చితంగా చెప్పగలను."

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. సూరమ్మ నవ్వలేదు.

"గెలిత్తే బోరు బాగు సేత్తావా?"

"చెయ్యలేను మామ్మా. నాకు రాదు. కానీ మెకానిక్కు ఇల్లు తెలుసు. నేనే సర్పంచినైతే అతన్ని తీసుకొచ్చి, పని అయ్యేదాకా కదలనివ్వను. అది చెయ్యగలను."

మర్నాడు తెల్లారేసరికి వేడుక చూద్దామని నలభై మంది ఆయన వాకిట్లో చేరారు. గవిరినాయుడు లేచాడు. పళ్ళు తోముకున్నాడు. గేదెకి మేత వేశాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడు మాటలిచ్చి మూడూ నిలబెట్టుకున్న నాయకుణ్ణి బుడ్డిపేట అంతకుముందు చూడలేదు! ఆ సాయంత్రం "రేపు మా వీధి చివరిదాకా నడుస్తాను" అన్నాడు, నడిచాడు. "శనివారం తలంటుకుంటాను" అన్నాడు, అంటుకున్నాడు. పది రోజుల్లో ఊరి మనసు కరిగిపోయింది.

"ఈడికి బుర్ర తక్కువే గానీ అబద్దం రాదర్రా" అంది సూరమ్మ. "మెకానిక్కుని తెత్తానన్నాడు, తెత్తాడు. నా ఓటు కత్తెరకే." కత్తెర గవిరినాయుడి గుర్తు. సత్తిరాజుది ఉంగరం.

ఊరు చేజారిపోయిందని సత్తిరాజుకి అర్థమైంది. పోలింగుకి ముందురోజు టీకొట్టు దగ్గర అప్పలకొండ వినేట్టు గట్టిగా అన్నాడు: "ఎంతైనా మాట మీద నిలబడే మనిషి. రేపు నా ఓటు కూడా గవిరినాయుడికే వేస్తాను."

అప్పలకొండ సగం టీ వదిలేసి ఇంటికి పరుగెత్తాడు. కబురు వినగానే ఇంట్లో అందరి మొహాలూ మాడిపోయాయి.

"సర్పంచి నీకు ఓటేస్తాడా?" అంది నారాయణమ్మ. "మరి మనం?"

"వ్యతిరేకించాలి" అన్నారు మేనత్తలిద్దరూ.

గవిరినాయుడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. పట్టాల పక్కన పడిపోయిన సూరమ్మే కళ్ళముందు మెదులుతోంది. "ఈ ఒక్కసారికీ సూత్రం తప్పితే?" అన్నాడు.

"తప్పితే మనల్ని ఎవరు నమ్ముతారు బావా?" అన్నాడు అప్పలకొండ.

అదీ నిజమే అనిపించింది. తెలివైనవాళ్ళ ఇల్లు కదా, నిజాలు తొందరగా దొరుకుతాయి.

పోలింగు అయింది, ఆ మధ్యాహ్నమే లెక్కింపూ అయింది. ఉంగరానికి రెండు వందల తొమ్మిది. కత్తెరకి రెండు వందల మూడు. సత్తిరాజు గెలిచాడు. ఆయన ఓటు ఉంగరానికే వేసుకున్నాడని వేరే చెప్పాలా!

సూరమ్మ బడి అరుగు మీద కూలబడింది. "ఆరు ఓట్లకి పోయిందేటిరా నా బోరు! నీకు ఎయ్యనోల్లు ఎవులురా?"

"మేమే మామ్మా" అన్నాడు గవిరినాయుడు. "సర్పంచి నాకు వేస్తానన్నాడు. అందుకని మా తొమ్మిది మందిమీ ఉంగరానికి గుద్దేశాం. ఒక్కరం కూడా మాట తప్పలేదు." అనేటప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఓడినందుకో, తప్పనందుకో ఆయనకే తెలీదు.

సూరమ్మ బిందె చంకనెత్తుకుని లేచింది. "ఇంక ఐదేళ్ళు నువ్వూ నీ మందా నా కంటికి కనిపించకండి!"

ఓటరు మాట. కాదనకూడదు. అలాగని జనం మధ్య ఉండటం మానకూడదు.

మర్నాడు పొద్దున్న సూరమ్మ బిందెతో రైలు గేటు వైపు బయల్దేరింది. రోడ్డు మీద తొమ్మిది గోనెసంచులు ఎదురొచ్చాయి. తల నుంచి మోకాళ్ళదాకా సంచులు తొడుక్కుని, చేతులు మాత్రం కన్నాల్లోంచి బయటికి పెట్టి, ఒకళ్ళ నడుం ఒకళ్ళు పట్టుకుని, కరెంటు స్తంభాన్ని గుద్దుకుంటూ వస్తున్నారు. అలికిడికి ముందున్న సంచి ఆగి రెండు చేతులూ జోడించింది.

"దణ్ణాలు మామ్మా! మేం ఎవరమూ కనిపించట్లేదు కదా?"