కొమ్మయ్య చెక్కిన గడప

మబ్బులు దిగివచ్చి కొమ్మల మీద సేదతీరే అడవి ఒకటి అనగనగా ఉండేది, పిల్లలూ. పొద్దున్నే అక్కడ మంచు పాలనురగలా కదిలేది. ఆ తెలుపులో రేల పూలు గుత్తులు గుత్తులుగా వేలాడేవి. అటు చూస్తూ నిలబడితే మనం మేలుకున్నామో, ఇంకా నిద్రలోనే ఉన్నామో తెలియదు.

ఆ అడవికి కొమ్మయ్య అనే వడ్రంగి పిట్ట, భార్య ఈరమ్మతో కలిసి వచ్చాడు. వాళ్ళ పాత అడవిలో చెట్లన్నీ కొట్టేశారు. కొమ్మయ్య పని ఏమిటంటే, తోటి పిట్టలకి చెట్ల మానుల్లో తొర్రలు చెక్కిపెట్టడం. చెక్కించుకున్నవాళ్ళు పళ్ళో పురుగులో ఇస్తారు. అదే వాళ్ళ బతుకు.

ఈ కొత్త అడవిలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా వచ్చిన పిట్టని తొలకరి వాన వెలిసేలోపు ఎవరో ఒకరు పనికి పిలవాలి. పిలవకపోతే ఆ పిట్ట వేరే అడవి వెతుక్కోవాలి. ఈరమ్మ కడుపులో గుడ్డు ఉంది. ఆమె ఎంత దూరం ఎగరగలదు చెప్పండి?

"భయపడకు. నేను వచ్చానని అందరికీ వినిపిస్తాను" అన్నాడు కొమ్మయ్య.

వెళ్ళి ఒక డొల్ల చెట్టు మీద వాలాడు. ఎండిన డొల్ల చెట్టయితే చప్పుడు చాలా దూరం పోతుంది. వడ్రంగి పిట్టలు ఒకళ్ళనొకళ్ళు పిలుచుకునేది అలాగే. టకటకటకటక! అడవంతా అదిరిపోయింది.

పక్క మానులోంచి రామచిలుక తల బయటపెట్టింది.

"ఏమయ్యోయ్! చెట్టు కూలిపోతోందనుకున్నాను. గుడ్లు పొదిగే తల్లులున్న చోటు ఇది. ఏమిటా గోల?"

"గోల కాదు చిలకత్తా, పిలుపు. నేను తొర్రలు చెక్కుతాను."

"మీవాళ్ళకైతే పిలుపేమో. మాకు మాత్రం తలనొప్పి!" అని రామచిలుక లోపలికి వెళ్ళిపోయింది.

కొమ్మయ్య ముక్కు చిన్నబోయింది. ఈసారి కాకి దగ్గరికి వెళ్ళాడు.

"బావా, నా గురించి నాలుగు మాటలు చెప్పిపెట్టవూ?"

"నాలుగేం ఖర్మ, నలభై చెబుతాను. మరి నా నోరు ఎండిపోతుందే?" అంది కాకి.

ఈరమ్మ కోసం దాచిన లావుపాటి పురుగులన్నీ తెచ్చి కాకి ముందు పెట్టాడు. కాకి తృప్తిగా తిని, కొమ్మ కొమ్మా తిరిగి అరిచింది. "ఏడు అడవుల్లో ఇలాంటి పనివాడు లేడు! రండి! త్వరపడండి!"

గోరింక కిసుక్కున నవ్వింది. "మొన్న పావురం కట్టే గూళ్ళని కూడా ఇలాగే పొగిడావు కదూ. పుల్లల సందులోంచి గుడ్డు జారి కింద పడింది. చాల్లే, వెళ్ళు."

ఎవరూ రాలేదు. మబ్బులు నల్లబడ్డాయి. గాలికి మట్టి వాసన వచ్చింది. ఈరమ్మ ఆకలితో రెక్కలు ముడుచుకుని కూర్చుంది.

"మన పాత అడవిలో నిన్ను ఎవరైనా అరిచి పిలిచారా?" అని మెల్లగా అడిగింది.

"లేదు. ఒకరింట్లో చెక్కితే పక్కవాళ్ళు చూసి వచ్చేవాళ్ళు."

"ఇక్కడ నీ పని ఎవరు చూశారు?"

కొమ్మయ్య లేచి రామచిలుక తొర్ర దగ్గరికి వెళ్ళాడు. ఈసారి చప్పుడు చేయలేదు. వాకిట్లో నిలబడి తేరిపార చూశాడు.

"మళ్ళీ వచ్చావా?" అంది రామచిలుక.

"చిలకత్తా, ఏళ్ళ తరబడి కాళ్ళు పడి నీ గడప అరిగిపోయింది. లోపలికి వాలింది. వాన వస్తే నీళ్ళన్నీ లోపలికే."

"ఏటా వస్తూనే ఉన్నాయి. ఏం చేస్తాం?"

"బయటికి వాలేలా చెక్కనా?"

"ఏమివ్వాలి?"

"ఇప్పుడేమీ వద్దు. వానలో చూడు. బాగుంటే పక్కింటివాళ్ళకి చూపించు. బాగా లేకపోతే నాకే చెప్పు."

రామచిలుక తల పక్కకి వంచి ఆలోచించింది. "సరే కానీ, మెల్లగా."

కొమ్మయ్య గడపని నెమ్మదిగా, నున్నగా చెక్కాడు. పొట్టు రాలుతుంటే బంగారపు పొడి ఎగిరినట్టుంది. వాకిలికి పైన చిన్న చూరు లాంటిది కూడా మిగిల్చాడు. ఈరమ్మ రాలిన పొట్టుని ఊడ్చి తొర్రలో ఒక మూల చేర్చింది.

అంతలో తొలకరి వచ్చేసింది! తెల్లని తెరలు తెరలుగా కురిసింది. అడవి నీళ్ళలో కరిగిపోతున్న బొమ్మలా అయింది. కొమ్మయ్య, ఈరమ్మ ఆకులు లేని కొమ్మ మీద తడుస్తూ కూర్చున్నారు. వాన వెలిసిందా, ఇక బయలుదేరాల్సిందే.

గోరింక ఇంట్లోకి నీళ్ళు వచ్చేశాయి. పిల్లలు వణుకుతూ ఏడ్చాయి. గోరింక వాటిని రెక్కల కింద పెట్టుకుని రామచిలుక ఇంటికి పరుగున వచ్చింది.

"అత్తా! మీ ఇంట్లో నీళ్ళు లేవేంటి?"

"చుక్క రాలేదమ్మా. కొమ్మయ్య గడప చెక్కాడు. లోపలికి రా, కాలు పెట్టి చూడు."

గోరింక కాలు పెట్టింది. పొడిగా, వెచ్చగా ఉంది. పిల్లల్ని అక్కడే దించి, వానలోకి దూసుకుపోయింది.

"అన్నా! కొమ్మయ్యన్నా! వాన వెలవకముందే మా ఇంటికి రా. పళ్ళు ఎన్ని కావాలో చెప్పు!"

ఆ కేక విని గువ్వ వచ్చింది, పాలపిట్ట వచ్చింది. ఒక్కొక్కరే రామచిలుక ఇంట్లోకి తొంగిచూసి, కొమ్మయ్య కోసం వెతుకుతూ వెళ్ళారు. వాన ఇంకా కురుస్తూనే ఉంది.

"నువ్వు పనికి వెళ్ళు నాయనా" అంది రామచిలుక, వాళ్ళిద్దరూ తడుస్తున్న కొమ్మ దగ్గరికి వచ్చి. "ఈరమ్మని నేను చూసుకుంటాను." ఈరమ్మని లోపలికి తీసుకుపోయి, ఒక పండు పెట్టి, మెత్తని పొట్టు పరిచింది.

వాన వెలిసి ఆకాశం నీలంగా విచ్చుకునేసరికి రామచిలుక వాకిట్లో కాపలా కూర్చుని ఉంది. గడప చూద్దామని వచ్చిన ప్రతి పిట్టకీ ఒకటే మాట చెబుతోంది.

"చూడండి, తాకండి. కానీ మెల్లగా మాట్లాడండి. లోపల ఈరమ్మ గుడ్డు పెట్టింది."

నీతి: నీ పని గురించి ఊరంతా అరవక్కర్లేదు. ఒకరి కష్టం చూసి శ్రద్ధగా తీర్చు, మిగిలిన మాట వాళ్ళే చెబుతారు.