కుప్ప కట్టని నెయ్యి

ఒక రాజ్యంలో గొల్లలు ఇంటికి ఏడాదికో మానిక నెయ్యి కోటకివ్వాలి. వసూలుకొచ్చే సింగరాజు పేరుకున్న నెయ్యి మానిక నిండా కూరించి, పైన గోపురంలా కుప్ప పెట్టించి మరీ పట్టుకుపోయేవాడు. గట్టి నెయ్యంటేనే కుప్ప అని అతని లెక్క.

ఈసారి గొల్ల కాటమ్మ ఇంట్లో కూతురు బాలింత. ఆ కుప్పంత నెయ్యి మిగిలితేనే పిల్లకి ముద్దలోకి. అందుకే కాటమ్మ నెయ్యి కరగబెట్టి, మానిక అంచుదాకా పోసింది.

“కుప్ప ఏదే?” అన్నాడు సింగరాజు.

“కరిగిన నెయ్యి నిలబడుతుందా దొరా? ఎంత పోసినా జారిపోతుంది.”

“అయితే పేరుకోనీ! గట్టిపడితే కుప్ప దానంతటదే లేస్తుంది. అందాకా కదలను.”

“లేచినంతే పట్టుకెళ్తారా? మళ్ళీ వెయ్యమనరు కదా?”

“కోట మాటకు తిరుగుంటుందా!” అన్నాడు, వాడలో వాళ్ళంతా వింటుండగా.

మాఘమాసపు చలిలో వణుకుతూ అరుగు మీద కూర్చున్నాడు. నెయ్యి తెల్లగా పేరుకుంది. ఆత్రంగా తొంగిచూస్తే కుప్ప లేకపోగా, నడిమధ్య గుంట పడి ఉంది.

“ఇదేమిటే?”

“గట్టిపడేటప్పుడు నెయ్యి లోపలికి కుదించుకుంటుంది దొరా,” అంది కాటమ్మ నెమ్మదిగా. “ఇంకాసేపు కూర్చోండి, ఇంకాస్త లోతవుతుంది.”