ఓదేలు బోర్లించిన ముంత

అనగనగా, మీ తాతకు తాత ఇంకా పాలపళ్లు కూడా రాని పసివాడుగా ఉన్న రోజుల్లో, ఒక ఊళ్లో ఓదేలు అనే కుమ్మరి ఉండేవాడు. అతను సారె తిప్పాడంటే కుండ దానంతటదే లేచి నిలబడేది. అలాంటి చేతులకు ఒక పాడు రోగం పట్టుకుంది. పొద్దున లేచేసరికి వేళ్ల కణుపులు వాచి, మండి, బిగుసుకుపోయేవి.

మందులిచ్చే సమ్మవ్వ ఆకూ వేరూ చేతిలో పెట్టి చెప్పింది.

"ఇది పోయే రోగం కాదు బిడ్డా, అణిగుండే రోగం. రోజూ పొద్దుగాల కషాయం తాగు. నొప్పున్నా తాగు, లేకున్నా తాగు."

ఓదేలు తాగాడు. నెల తిరిగేసరికి వాపు దిగింది. "నొప్పే లేదు, ఇంక మందెందుకు?" అని మానేశాడు. వాపు మళ్లీ వచ్చి కూర్చుంది. సమ్మవ్వ అదే మాట చెప్పింది. "నొప్పున్నా తాగు, లేకున్నా తాగు."

రెండోసారి మానలేదు, పాపం. కషాయం ముంత సారె పక్కన పెట్టి, "ఈ ఒక్క కుండ కానీ" అనేవాడు. ఒక్క కుండ పది కుండలయ్యేది. ముంతను కోళ్లు ఒలకబోసి తాగేవి. ఆ ఏడాది కోళ్లకు మాత్రం కీళ్లనొప్పులు రాలేదని అతని పెళ్లాం కొంరవ్వ ఊరంతా చెప్పి నవ్వించింది.

వాపు మళ్లీ వచ్చి, మూడోసారి మందు మొదలుపెట్టేసరికి కూతురు మల్లక్క పెళ్లి కుదిరింది. ఆ సంబరంలో మందూ గుర్తులేదు, సమ్మవ్వ మాటా గుర్తులేదు. పెళ్లి నెలన్నర ఉందనగా వేళ్లు కొయ్యబారాయి. మరి పందిట్లో పెట్టే ఐరేని కుండలు ఎవరు చెయ్యాలి?

"పక్కూరి కుమ్మరినడుగుదాం బిడ్డా," అన్నాడు.

"నీ చేతి కుండలుంటెనే పీటల మీద కూసుంట బాపూ. లేకుంటె లగ్గమే వద్దు," అంది మల్లక్క.

ఓదేలుకు ఏడుపొచ్చింది. ఊరందరి పెళ్లిళ్లకు కుండలు చేసిన చేతులు సొంత బిడ్డకు పనికిరాకుండా పోయాయి.

మళ్లీ ఆకులు తెచ్చుకున్నాడు. వేళ్లు సాగుతాయేమోనని సారె ముందు కూర్చుని చిన్న ముంత చేయబోయాడు. అడుగు చదును చేద్దామంటే వేళ్లు వంగలేదు. ముంత బొంగరంలా మొనదేలింది.

కొంరవ్వ పగలబడి నవ్వింది. "ఇదేం ముంతయ్యా! కింద పెడితె పడుతది!"

ఓదేలు ముంతను చూశాడు. కోళ్లను చూశాడు. పెళ్లాన్ని చూశాడు.

"కాల్చవే దాన్ని! కింద పెట్టరాదు గనకనే తాగుత!"

ఇక రోజూ అందులోనే కషాయం. కింద పెడితే ఒలుకుతుంది, చేతిలో ఉంటే సారె తిరగదు. తాగి బోర్లిస్తేనే పని మొదలు. పొద్దున్నే గుమ్మంలోంచి కొంరవ్వ కేక, "బోర్లిచ్చినవా?"

నెల దాటేసరికి వేళ్లు వదులయ్యాయి. పెళ్లికి మూడు రోజుల ముందు ఐరేని కుండలు తయారయ్యాయి. మల్లక్క పీటలెక్కింది. ఓదేలు డప్పులవాళ్లు అలసిపోయేదాకా ఎగిరాడు. మర్నాడు నొప్పి లేదు. అయినా తాగాడు.

కీళ్లు వాచినవాళ్లంతా ఆ ముంతలే కావాలని వచ్చారు. చేసిచ్చీ చేసిచ్చీ, ఓదేలు పండు ముసలివాడయ్యాక కన్నుమూశాడు. పోయిన రోజు పొద్దున కూడా సారె పక్కన ముంత బోర్లించే ఉందట.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఐరేని కుండలతో పాటు ఒక బొంగరం ముంత పెళ్లికూతురి వెంట వెళుతుంది. పొద్దున్నే ఎదురుపడితే ఎవరూ "బాగున్నవా?" అనరు.

"బోర్లిచ్చినవా?" అంటారు.

"ఓదేలు మీద ఒట్టు, బోర్లిచ్చిన!" అని నవ్వుతారు.