కాదనలేనివాడు గీసిన యుద్ధపటం

సామర్లకోటలో శశిధర్ అని ఒక కుర్రాడు ఉండేవాడు, బొమ్మలు బ్రహ్మాండంగా గీసేవాడు గానీ ఎవరేమడిగినా కాదనడం మాత్రం వాడి వల్ల అయ్యేది కాదు. పాడు మొహమాటం! బళ్లో వాడి స్కేలు వాడి దగ్గరున్న రోజు లేదు. సినిమాకెళ్తే వాడి సీట్లో ఇంకెవరో కూర్చునేవారు, వీడు మూలకి పోయి మెడ సాచి చూసేవాడు. వాళ్లమ్మ తల బాదుకునేది.

ఆ వేసవిలో శశిధర్, వాడి చెల్లెలు హిమజ, ఎదురింటి అన్వర్, వెనక వీధి ఝాన్సీ కలిసి ఒక పెద్ద యుద్ధాల ఆట ఆడాలనుకున్నారు. తలా ఒక రాజ్యం, తలా ఒక సైన్యం. పాచికలు వేసుకుంటూ గడి గడికీ సైన్యాన్ని నడపాలి. సెలవులు అయ్యేసరికి ఎవరి రాజ్యం పెద్దదైతే వాళ్లే చక్రవర్తి. అన్వర్ డ్రాగన్లు తీసుకున్నాడు, ఝాన్సీ ఏనుగులు తీసుకుంది, శశిధర్ విలుకాళ్లతో సరిపెట్టుకున్నాడు. హిమజ గుర్రాలు కావాలంది. గుర్రాలు మైదానంలో అందరికంటే వేగంగా పరిగెత్తుతాయి గానీ ఊబిలోకీ ఇసుకలోకీ అడుగు పెట్టకూడదు, అదీ నియమం. పరీక్షలు అవగానే ఆ పిల్ల బంకమట్టి తెచ్చుకుని కూర్చుంది. గుర్రాలు చేసింది, నీడన ఆరబెట్టింది, రంగులు వేసింది, ఊలు దారంతో జూలు అంటించింది. "నా గుర్రాలు పడమటి సముద్రం దాకా పోతాయి, చూస్తూ ఉండన్నయ్యా" అని రోజూ అనేది.

పటం గీసే పని శశిధర్‌ది. డ్రాయింగ్ షీట్లు అతికించి, తేనెపట్టులా గడులు కొట్టి, నాలుగు రాజ్యాలకీ సమానంగా మైదానం, అడవి, ఊబి, ఇసుక పంచాడు. ఎంత ముచ్చటగా ఉందో! అక్కడితో పెన్సిలు కింద పెట్టేస్తే గొడవే లేదు. పెడితేనా?

మర్నాడు అన్వర్ వచ్చాడు. "ఒరేయ్, నా కోట వెనక ఈ ఊబేంట్రా? తీసెయ్యరా బాబూ" అన్నాడు.

"సరేరా" అన్నాడు శశిధర్. ఊబి గడులు తగ్గకూడదని అందరూ ముందే అనుకున్నారు కాబట్టి, ఇక్కడ చెరిపితే ఇంకోచోట గీయాలి. తన రాజ్యంలో గీద్దామంటే అక్కడ తను కష్టపడి వేసిన బురుజులున్నాయి. తీసుకెళ్లి హిమజ మైదానంలో గీశాడు.

సాయంత్రం ఝాన్సీ వచ్చింది. "శశీ, ఇసుకలో నా ఏనుగులేం తింటాయి చెప్పు? నాకు అడవి వెయ్యవా?" అంది. సరేనన్నాడు. ఇసుక హిమజ వైపు పోయింది. ఆ సంగతి తెలిసి అన్వర్ మళ్లీ వచ్చి, తన ఇసుక కూడా తీసెయ్యమన్నాడు. అదీ సరే! రబ్బరు అరిగిపోయింది గానీ వీడి నోట 'కుదరదు' అన్న మాట ఊడిపడలేదు.

వాళ్లమ్మ చూసి, "ఒరేయ్, దాని వైపంతా బురద చేస్తున్నావు, దాన్నొక మాట అడిగావా?" అంది.

"చెల్లే కదమ్మా, సర్దుకుంటుందిలే" అన్నాడు ఆ మహానుభావుడు.

ఆట రోజున వరండాలో పటం పరిచారు. హిమజ గుర్రాలు పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. పటం చూసి అలాగే నిలబడిపోయింది.

"నా మైదానమేదీ అన్నయ్యా?"

"అదీ... వాళ్లు అడిగారే..."

"ఎటు చూసినా ఊబే కదా. నా గుర్రాలు కోట దాటి బయటికి రాలేవు."

అన్వర్ ఉలిక్కిపడ్డాడు. "ఒరేయ్, నాది తీసెయ్యమన్నాను గానీ హిమజకి పెట్టమన్నానా? కుదరదని ఒక్క ముక్క చెప్తే నీ మీద పడి కొడతానా?"

"నేనూ ఊరికే అడిగి చూశానంతే" అంది ఝాన్సీ. విన్నారా? ఎవరికి భయపడి వీడు ఇంత చేశాడో, వాళ్లకి అసలు పట్టింపే లేదు!

హిమజ ఏడవలేదు, గొడవ పెట్టలేదు. పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

శశిధర్ ఆ పటం చింపేసి కొత్తది గీయడానికి కూర్చున్నాడు. గీస్తుండగా అన్వర్ వంగి చూసి, "ఆ మైదానం గడొక్కటి నాకు వదిలెయ్యరా" అన్నాడు. శశిధర్ పెన్సిలు ఆపి, "కుదరదురా" అన్నాడు. "సరేలే" అని అన్వర్ మామిడికాయ ముక్క నములుతూ కూర్చున్నాడు. అంతే! ఆకాశం విరిగిపడలేదు.

పటం పూర్తవగానే శశిధర్ చెల్లెలి దగ్గరికి పరిగెత్తాడు. "హిమా, ఈసారి నీ మైదానం నీకే! అన్వర్ అడిగినా కాదన్నానే! గుర్రాలు తీసుకురా."

"లేవన్నయ్యా. పక్కింటి పిల్లలకి ఇచ్చేశాను."

"అన్నీనా? ఎంత కష్టపడి చేశావే! ఎందుకిచ్చావు?"

"అడిగారు, సరేనన్నాను. నీ చెల్లెల్నే కదా" అంది హిమజ.

శశిధర్ ఆ పటం పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. ఆ వేసవిలో ఎంత బతిమాలినా హిమజ ఆటకి రాలేదు.

నీతి: బయటివాళ్లకి మొహమాటపడి అన్నిటికీ సరేననేవాడు ఆ బరువు తను మొయ్యడు, నోరు తెరిచి అడగని సొంతవాళ్ల నెత్తిన పెడతాడు, కాబట్టి కాదనాల్సిన చోట కాదనడం నేర్చుకోవాలి.